పిల్స్ ఆపేశారా.. ప్రెగ్నెన్సీ ఎప్పుడొస్తుంది? ఎన్నాళ్లు చూడాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

పెళ్లయిన కొత్తలో పిల్లలు ఇప్పుడే వద్దనుకున్నారు. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇంటి లోను, కాస్త సెటిల్ అయ్యాక చూద్దాంలే అని గర్భనిరోధక మాత్రలు వాడారు. రెండేళ్లో మూడేళ్లో గడిచిపోయాయి. ఇప్పుడు పిల్లలు కావాలనుకుని మాత్రలు ఆపేశారు. ఒక నెల, రెండు నెలలు, నాలుగు నెలలు.. పీరియడ్స్ వస్తూనే ఉన్నాయి. ఇక ఇంట్లో మొదలవుతుంది. "ఆ మాత్రలు మింగొద్దని అప్పుడే చెప్పా, గర్భసంచి పాడైపోయుంటుంది" అని అత్తగారో, అమ్మో, పక్కింటి పిన్నిగారో అనేస్తారు. పైకి కొట్టిపారేసినా అమ్మాయికి కూడా లోపల అదే భయం.

ముందు ఆ భయం సంగతి తేల్చేద్దాం. గర్భనిరోధక మాత్రలు వాడినంత మాత్రాన పిల్లలు పుట్టకుండా పోరు. ఏడాది వాడినా, ఎనిమిదేళ్లు వాడినా ఇందులో తేడా లేదు. అయితే ఈ మాత్రలు చేసే పని ఇంకొకటుంది. ఒంట్లో అప్పటికే ఉన్న కొన్ని సమస్యలను అవి కనపడకుండా కప్పి ఉంచుతాయి. ఆపేశాక అవి బయటపడతాయి. నింద మాత్రల మీదకు పోతుంది, అసలు సమస్య మాత్రం అలాగే ఉండిపోతుంది. ఈ తేడా తెలియక కొందరు అనవసరంగా కంగారు పడుతున్నారు, ఇంకొందరు నిజంగా చూపించుకోవాల్సిన టైంలో "మాత్రల ఎఫెక్టేలే, తగ్గిపోతుంది" అని నెలల తరబడి ఆగిపోతున్నారు.

ఇంతకీ మీరు వాడింది ఏ మాత్ర?

ఈ కథనం కోసం తెలిసినవాళ్లను "పిల్స్ వాడావా?" అని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మందు పేరు చెప్పారు. అందరి లెక్కలో అవన్నీ 'పిల్సే'. నిజానికి అవి వేర్వేరు, ఆపాక గర్భం వచ్చే టైం కూడా వేర్వేరు.

రోజూ వేసుకునేవి అసలైన గర్భనిరోధక మాత్రలు. వీటిలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు ఉంటాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ఈ రకమే. ప్యాకెట్‌లో 28 మాత్రలుంటాయి. వాటిలో 21 హార్మోన్‌వి, మిగిలిన 7 ఐరన్‌వి. మెడికల్ షాపుల్లో దొరికే ఖరీదైన బ్రాండ్లలో ప్రొజెస్టిన్ రకం మారుతుంది కానీ పనిచేసే పద్ధతి ఒకటే. ఈ కథనంలో 'పిల్స్' అన్నప్పుడల్లా వీటి గురించే.

ఛాయా మాత్ర వేరు. ఇందులో హార్మోన్ ఉండదు. లక్నోలోని సెంట్రల్ డ్రగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన మందు ఇది, బయట సహేలి పేరుతో అమ్ముతారు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. ఆపేశాక సాధారణంగా ఆరు నెలల్లోపు మామూలు స్థితి వచ్చేస్తుంది.

ఐ-పిల్ లాంటివి ఎమర్జెన్సీ మాత్రలు. ఆ ఒక్కసారి కోసమే వేసుకునేవి. వీటివల్ల ఆ నెల పీరియడ్ ముందుకో వెనక్కో జరగొచ్చు, అంతకుమించి తర్వాతి గర్భధారణ మీద ప్రభావం ఏమీ ఉండదు.

ఇక మన ఇళ్లలో బాగా వాడేది ఇంకొకటుంది. వ్రతమనో, తిరుపతి ప్రయాణమనో, పెళ్లనో పీరియడ్స్ వాయిదా వేసుకోవడానికి వేసుకునే మాత్ర. అది నోరెథిస్టెరాన్ అనే హార్మోన్. వాయిదా కోసం వేసుకునే ఆ నాలుగైదు రోజుల కోర్సును గర్భనిరోధకంగా లెక్కేసుకోకూడదు. ఆపిన రెండు మూడు రోజుల్లో పీరియడ్ వచ్చేస్తుంది. "చెల్లి పెళ్లికి మాత్ర వేసుకున్నా, అందుకే ఇప్పుడు పిల్లలు పుట్టడం లేదేమో" అని బాధపడేవాళ్లున్నారు. ఆ రెండింటికీ సంబంధం లేదు.

మూడు నెలలకోసారి వేయించుకునే అంతర ఇంజెక్షన్ మాత్రం నిజంగానే టైం తీసుకుంటుంది. చివరి ఇంజెక్షన్ తర్వాత మళ్లీ గర్భం రావడానికి సగటున 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. ఇది కూడా శాశ్వతం కాదు, ఆలస్యం మాత్రమే. ఏడాదిలో పిల్లలు కావాలనుకునేవాళ్లు ఈ ఇంజెక్షన్ వేయించుకునే ముందే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి.

అసలు మన దగ్గర పిల్స్ గురించి ఇంత గందరగోళం ఎందుకంటే, వాడేవాళ్లే తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వివాహిత మహిళల్లో 70 శాతం దాకా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. తెలంగాణలో 60 శాతం పైనే. దేశం మొత్తమ్మీద పిల్స్ వాడేవాళ్లు 5 శాతం. మన అమ్మల తరానికి తెలిసిన దారి ఒకటే, ఇద్దరు పుట్టగానే ఆపరేషన్. ఆపితే మళ్లీ గర్భం వచ్చే పద్ధతి అంటే వాళ్లకు నమ్మకం కుదరకపోవడంలో వింతేమీ లేదు.

హార్మోన్ ఒంట్లో ఎన్నాళ్లు ఉంటుంది?

ఏళ్ల తరబడి వేసుకుంటే ఆ మందంతా ఒంట్లో పేరుకుపోతుందని చాలామంది అనుకుంటారు. పేరుకుపోదు. రోజూ మాత్ర వేసుకోమనేదే అందుకు. నిన్నటి మాత్రలోని హార్మోన్ ఇవాళ తగ్గిపోతుంది కాబట్టి ఇవాళ మళ్లీ వేసుకోవాలి. ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతుంది.

రెండు మూడు మాత్రలు వరుసగా మర్చిపోతే గర్భం వచ్చే ప్రమాదం ఉందని ప్యాకెట్‌తో వచ్చే కాగితం మీదే రాసి ఉంటుంది. రెండు రోజులు మర్చిపోతేనే పట్టు తప్పే మందు, ఆపేశాక రెండేళ్లు ఎలా పనిచేస్తుంది? "మాత్రల ఎఫెక్ట్ ఇంకా పోలేదేమో" అనేవాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇదే.

మాత్రలు వాడినన్ని రోజులు మెదడులోని పిట్యూటరీ గ్రంథి అండాశయానికి సిగ్నల్ పంపదు. అందుకే అండం విడుదల కాదు. ఆపగానే ఆ సిగ్నల్ మళ్లీ మొదలవుతుంది. కొందరికి రెండు నుంచి నాలుగు వారాల్లోనే అండం విడుదలవుతుంది, ఇంకొందరికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటే ఆపిన మొదటి నెలలోనే, మధ్యలో అసలు పీరియడ్ చూడకుండానే నెల తప్పే అవకాశం కూడా ఉంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

యూరప్‌లో పిల్స్ ఆపి పిల్లల కోసం ప్రయత్నించిన రెండు వేల మందికి పైగా మహిళలపై జరిగిన అధ్యయనం 2009లో వచ్చింది. మొదటి నెలసరి చక్రంలోనే వందలో 21 మందికి గర్భం వచ్చింది. ఏడాది తిరిగేసరికి వందలో 79 మందికి. అసలు పిల్స్ ముట్టని జంటల్లో కూడా ఏడాదిలో గర్భం వచ్చేది వందలో 80 నుంచి 85 మందికే. పెద్ద తేడా లేదు.

2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. డెన్మార్క్, అమెరికా, కెనడాల్లో దాదాపు 18 వేల మందిని గమనించారు. పిల్స్ ఆపినవాళ్లకు గర్భం వచ్చే అవకాశం మామూలు స్థాయికి రావడానికి సుమారు మూడు నెలసరి చక్రాలు పట్టింది. కాపర్-టీ లాంటివి తీయించుకున్నవాళ్లకు రెండు, ఇంజెక్షన్ వాడినవాళ్లకు ఐదు నుంచి ఎనిమిది. ఎన్నేళ్లు వాడారన్నదానికీ గర్భం వచ్చే అవకాశానికీ సంబంధం కనపడలేదు. కాబట్టి మొదటి మూడు నెలల్లో ఏమీ జరగకపోతే అది ఫెయిల్యూర్ కాదు. పిల్స్ వాడని జంటకైనా మూడో నెలకే రావాలన్న రూలేమీ లేదు కదా.

ఆపాక మూడు నెలలు గ్యాప్ ఇవ్వాలా?

"ఒళ్లు శుభ్రం కావాలి, మూడు నెలలు ఆగి ట్రై చేయండి" అనే మాట వినే ఉంటారు. ఇది పాతకాలం సలహా. స్కానింగ్‌లు అంతగా లేని రోజుల్లో చివరి పీరియడ్ తేదీని బట్టే కాన్పు తేదీ లెక్కకట్టేవారు. పిల్ ఆపగానే గర్భం వస్తే ఆ లెక్క తప్పేది. అందుకే ఒక సహజమైన పీరియడ్ వచ్చేదాకా ఆగమనేవారు. ఇప్పుడు తొలి నెలల స్కానింగ్‌లోనే వయసు తెలిసిపోతుంది. ఆపిన వెంటనే గర్భం వచ్చినా అబార్షన్ ముప్పు గానీ, బిడ్డకు లోపాలు వచ్చే ముప్పు గానీ పెరగదు. గర్భం వచ్చిందని తెలియక కొన్ని మాత్రలు వేసేసుకున్నా అంతే. తెలియగానే ఆపేస్తే చాలు.

ప్యాకెట్ మధ్యలో ఆపినా ప్రమాదమేమీ లేదు. కాకపోతే పూర్తిచేసి ఆపితే పీరియడ్ తేదీల లెక్క సులువుగా ఉంటుంది.

ఆపే ముందు చూసుకోవాల్సినవి

గ్యాప్ అవసరం లేదు కానీ, ఆపడానికి ఒక నెల ముందు డాక్టర్‌ను కలవడం మంచిది. అసలు మన దగ్గర గర్భం వచ్చాకే డాక్టర్ దగ్గరికి వెళ్తారు, అంతకుముందు వెళ్లేవాళ్లు అరుదు.

మొదటిది ఫోలిక్ యాసిడ్. రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందు నుంచి మొదలుపెట్టాలి. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలిసుండదు. టెస్ట్‌లో రెండు గీతలు చూశాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. మెడికల్ షాపులో ఊరికే ఫోలిక్ యాసిడ్ అనడిగితే తరచూ 5 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తారు. ఆ డోసు అందరికీ అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లకు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు, ఇంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకు డాక్టర్లు రాసే డోసు అది. మీకేది అన్నది అడిగి తెలుసుకోండి.

రెండోది మొటిమల మందు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ ఇది చాలా ముఖ్యం. మొటిమలు ఎక్కువగా ఉన్నవాళ్లకు చర్మ డాక్టర్లు ఐసోట్రెటినాయిన్ రాస్తారు. గర్భంలో ఉన్న బిడ్డకు ఈ మందు తీవ్రమైన లోపాలు తెస్తుంది. అందుకే తరచూ దాంతోపాటే గర్భనిరోధక మాత్రలు కూడా ఇస్తారు. పిల్స్ ఆపేసి ఐసోట్రెటినాయిన్ కొనసాగిస్తే చాలా ప్రమాదం. అది ఆపి కనీసం ఒక నెల గడిచాకే పిల్లల కోసం ప్రయత్నించాలి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, కొన్ని రకాల బీపీ మందులు కూడా మార్చాల్సి ఉంటుంది. వీటిని మాత్రం సొంతంగా ఆపేయకూడదు. డాక్టర్ చెప్పినట్టు మార్చుకోవాలి. థైరాయిడ్ మాత్ర అస్సలు ఆపకూడదు.

రక్తహీనత సంగతీ చూడాలి. అదే జాతీయ సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పిల్స్ వాడినన్నాళ్లూ బ్లీడింగ్ తక్కువగా ఉంటుంది, ఆపాక మళ్లీ పెరుగుతుంది. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, బీపీ, ఇవన్నీ ఒక్క పూటలో అయిపోయే పరీక్షలు. మేనరికం పెళ్లయినవాళ్లు, కుటుంబంలో తలసేమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఇద్దరూ ఆ రక్తపరీక్ష కూడా చేయించుకుంటే మంచిది. రుబెల్లా టీకా వేయించుకుంటే నెల రోజుల తర్వాతే ప్రయత్నించాలి.

ఆపాక మొదటి మూడు నెలలు ఎలా ఉంటాయి?

ప్యాకెట్ అయిపోగానే రెండు మూడు రోజుల్లో వచ్చే బ్లీడింగ్ అసలు పీరియడ్ కాదు. హార్మోన్ ఆగిపోవడం వల్ల వచ్చేది. పిల్స్ వాడినన్నాళ్లూ ప్రతి నెలా తేదీ తప్పకుండా వచ్చినవన్నీ ఇలాంటివే. సొంత పీరియడ్ అంటే ఆ తర్వాత, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు వచ్చేది. మొదటి రెండు మూడు సార్లు కాస్త అటూ ఇటూ అవుతుంది. కడుపునొప్పి, మొటిమలు తిరిగి రావచ్చు. ఇవన్నీ పిల్స్ ముందు ఎలా ఉండేవో గుర్తు చేసుకోండి, చాలావరకు అక్కడికే వెళ్తారు.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. పీరియడ్ రాకపోతే "మాత్రలు ఆపాం కదా, అందుకే లేటవుతోంది" అనుకుని రెండు నెలలు గడిపేసేవాళ్లున్నారు. తీరా చూస్తే మూడో నెల! కాబట్టి పీరియడ్ రాలేదంటే ముందు యూరిన్ టెస్ట్ చేసుకోవాలి. నెగెటివ్ వస్తే వారం తర్వాత మళ్లీ చేయాలి. ప్రభుత్వం తరఫున ఆశా కార్యకర్తల దగ్గర నిశ్చయ్ పేరుతో టెస్ట్ కిట్ ఉంటుంది, అడగొచ్చు.

టెస్ట్ నెగెటివ్, మూడు నెలలైనా పీరియడ్ లేదు. అప్పుడు మాత్రం ఆగొద్దు, గైనకాలజిస్ట్‌ను కలవాలి.

మాత్రల చాటున దాగినవి

మన దగ్గర పిల్స్ వాడేవాళ్లలో చాలామంది గర్భం వద్దని వాడటం లేదు. పీరియడ్స్ సరిగా రావట్లేదని, పీసీఓడీ ఉందని డాక్టర్ రాసిచ్చారు. పెళ్లికాక ముందు, డిగ్రీలో ఉన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లుంటారు. మాత్ర వేసుకుంటే నెలనెలా టంచనుగా వచ్చేది. తగ్గిపోయిందనుకున్నారు. నిజానికి వచ్చింది మాత్ర తెచ్చిన బ్లీడింగే. పీసీఓడీ ఎక్కడికీ పోలేదు. మాత్ర ఆపగానే మళ్లీ రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి. అప్పుడు చూసేవాళ్లకు "మాత్రల వల్లే పీరియడ్స్ పాడయ్యాయి" అనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పిల్లలు కనే వయసు మహిళల్లో 10 నుంచి 13 శాతం మందికి ఈ సమస్య ఉంది. కాబట్టి ఇది మీ ఒక్కరి కథ కాదు.

పీసీఓడీ అంటే పిల్లలు పుట్టరని కాదు, అండం ప్రతి నెలా విడుదల కాదని. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. అంటే 80 కిలోలు ఉన్నవాళ్లు 4 నుంచి 8 కిలోలు. అది చాలకపోతే మందులున్నాయి. ఎక్కువగా రాసేది లెట్రొజోల్. దాని పేరు గూగుల్‌లో కొడితే బ్రెస్ట్ క్యాన్సర్ మందు అని వస్తుంది, చూసి భయపడి మానేయొద్దు. అండం విడుదల కోసం ఐదు రోజులు ఇచ్చేదీ అదే మందు, పనే వేరు.

థైరాయిడ్ తేడాలు, ప్రొలాక్టిన్ హార్మోన్ పెరగడం కూడా ఇలాగే మాత్రల చాటున ఉండిపోతాయి. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకు పిల్స్ వల్ల నొప్పి తగ్గి ఉంటుంది, ఆపాక పీరియడ్స్ టైంలో మెలితిప్పే నొప్పి తిరిగి వస్తుంది. కలయిక సమయంలో లోతుగా నొప్పి ఉన్నా డాక్టర్‌తో చెప్పాలి. సిగ్గుపడి చెప్పకుండా దాచేది ఎక్కువగా ఇదే.

అన్నిటికంటే పెద్దది మాత్రం రిపోర్టుల్లో కనపడదు. అది వయసు. పిల్స్ వాడితే అండం విడుదల ఆగుతుంది కాబట్టి ఆ అండాలన్నీ మిగిలి ఉంటాయి అనుకుంటారు. మిగలవు. విడుదలైనా కాకపోయినా అండాశయంలోని అండాలు వయసుతో తగ్గుతూనే ఉంటాయి. 27కి మాత్ర మొదలుపెట్టి 33కి ఆపితే, ఆపిన రోజు మీది 33 ఏళ్ల శరీరమే. గర్భం వచ్చే అవకాశం 32 దాటాక నెమ్మదిగా, 37 దాటాక వేగంగా తగ్గుతుంది. ఆరేళ్లు మాత్ర వాడినందుకు ఆలస్యమైందని అందరూ అనేదాంట్లో ఏదైనా నిజముంటే ఆరేళ్లు గడిచాయన్నదే, మాత్ర కాదు.

ఏ రోజుల్లో అవకాశం ఎక్కువ?

అండం విడుదలయ్యేది తర్వాతి పీరియడ్‌కు సుమారు 14 రోజుల ముందు. అందరికీ 14వ రోజు అని కాదు, ఇది బాగా గుర్తుంచుకోవాలి. 28 రోజులకోసారి వచ్చేవాళ్లకు 14వ రోజు, 32 రోజులకోసారి వచ్చేవాళ్లకు 18వ రోజు. అండం బతికేది 12 నుంచి 24 గంటలు. శుక్రకణాలు ఐదు రోజుల దాకా బతుకుతాయి. అందుకే అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు కలిపి ఆరు రోజులు ముఖ్యం.

పిల్స్ ఇప్పుడే ఆపినవాళ్లకు ఫోన్ యాప్‌లు చూపించే తేదీలు పెద్దగా పనికిరావు. గతంలో ఎంటర్ చేసినవి మాత్ర తెచ్చిన తేదీలు, వాటిని బట్టి అది లెక్కేస్తుంది. పీసీఓడీ ఉంటే ఓవ్యులేషన్ స్ట్రిప్స్ కూడా ఉత్తుత్తి పాజిటివ్ చూపిస్తుంటాయి. ఇవన్నీ లేకుండా రెండు మూడు రోజులకోసారి కలుస్తుంటే సరిపోతుంది. తెల్లబట్ట పల్చగా, గుడ్డు తెల్లసొనలా సాగుతూ ఉన్న రోజులు అండం దగ్గర పడిందనడానికి గుర్తు. క్యాలెండర్ పెట్టుకుని "ఇవాళ కచ్చితంగా" అనే పద్ధతి చాలా జంటల్లో గొడవలకే దారితీస్తోంది.

ఇంకో లెక్క కూడా ఉంది. ఆయన బెంగళూరులో, ఆమె హైదరాబాద్‌లో, కలిసేది నెలకు రెండు వీకెండ్లు. లేదా ఆయన డాలస్‌లో, ఈమె వీసా కోసం ఇక్కడ వెయిటింగ్. ఒకరిది నైట్ షిఫ్ట్, ఒకరిది డే. ఆషాఢమని పుట్టింటికి పంపిన నెల ఒకటి. "ఏడాదైనా రాలేదు" అన్నప్పుడు డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, ఆ ఏడాదిలో నిజంగా కలిసి ఉన్న నెలలు ఎన్ని అని.

ఆయన టెస్ట్ సంగతేంటి?

మాత్రలు వాడింది ఆమె కాబట్టి అనుమానం మొత్తం ఆమె మీదే. స్కాన్‌లు ఆమెకు, రక్తపరీక్షలు ఆమెకు, ఉపవాసాలు కూడా ఆమెకే. కానీ పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం కేసుల్లో పురుషుడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అన్నిట్లో తేలికైన పరీక్ష వీర్య పరీక్షే. సూది లేదు, స్కాన్ లేదు. రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత శాంపిల్ ఇస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కొలతల ప్రకారం మిల్లీలీటరుకు కోటి 60 లక్షల శుక్రకణాలు కింది హద్దు. ఒక రిపోర్ట్ తక్కువొస్తే దాన్నే ఖాయం చేసుకోకుండా మళ్లీ చేయిస్తారు.

శుక్రకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి సిగరెట్, గుట్కా, మందు ఈ వారం మానేస్తే ఫలితం మూడు నెలలకు తెలుస్తుంది. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకునే కుర్రాళ్లకు ఒక మాట. అది బయట నుంచి వస్తే లోపల శుక్రకణాల తయారీ పడిపోతుంది, కొందరిలో సున్నాకు కూడా చేరుతుంది. ఆమె పిల్స్ గురించి ఇంటిల్లిపాదీ చర్చిస్తారు, ఈ ఇంజెక్షన్ గురించి మాత్రం ఎవరూ అడగరు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

35 ఏళ్లలోపు, పీరియడ్స్ సరిగా వస్తుంటే, ఏడాది పాటు ప్రయత్నించి చూడొచ్చు. 35 దాటితే ఆరు నెలలు. 40 దాటితే ఆగకుండా ముందే కలవాలి. పీరియడ్స్ మూడు నెలలుగా లేకపోయినా, గతంలో ట్యూబులో గర్భం వచ్చినా, పొత్తికడుపు ఇన్ఫెక్షన్, టీబీ వచ్చి తగ్గినా, ఆయనకు చిన్నప్పుడు వృషణాల ఆపరేషన్ జరిగినా ఈ గడువులు చూడక్కర్లేదు. టీబీ గర్భనాళాలను మూసేస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు.

నగరాల్లో ఇప్పుడు ఏ సెంటర్లో చూసినా ఫర్టిలిటీ బోర్డులే. ఫ్రీ కన్సల్టేషన్ అని వెళ్తే ఏఎంహెచ్ అనే పరీక్ష ఉన్న ప్యాకేజీ ముందు పెడతారు. ఏఎంహెచ్ అండాల నిల్వను సూచించే హార్మోన్. పిల్స్ వాడుతున్నప్పుడు, ఆపిన కొత్తలో ఇది ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. రెండు మూడు నెలలకు కోలుకుంటుంది. కాబట్టి పిల్ ఆపిన వారానికే టెస్ట్ చేయించుకుని, తక్కువొచ్చిందని ఐవీఎఫ్ దాకా పరుగెత్తొద్దు. పైగా ఈ పరీక్ష అండాల సంఖ్య గురించే చెబుతుంది, సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. ఐవీఎఫ్ చేసే సెంటర్లన్నీ 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి, ఆ సర్టిఫికెట్ అడిగే హక్కు మీకుంది.

మామూలు క్రమం వేరు. ఆయనకు వీర్య పరీక్ష, ఆమెకు థైరాయిడ్, ప్రొలాక్టిన్, అండం విడుదలవుతోందో లేదో చూసే స్కాన్, అవసరమైతే ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే ఎక్స్-రే. ఇవి చూశాకే తర్వాతి మాట.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి. ఏ మాత్ర, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఎందుకు మొదలుపెట్టారు. మాత్రలకు ముందు పీరియడ్స్ ఎన్ని రోజులకోసారి వచ్చేవి. ఆపాక ఏయే తేదీల్లో వచ్చాయి. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, మొటిమల క్రీముతో సహా. పాత స్ట్రిప్ ఉంటే అదీ బ్యాగ్‌లో వేసుకోండి. ఆయన్ని కూడా రమ్మనండి, బయట బైక్ దగ్గర కాదు, లోపలికి.